ఇరువదిమూడు కిలోల సంసారము

మా యింటికి కాటా వచ్చి నేటికి పండ్రెండు దినములైనది. బియ్యపు మిల్లు ముంగిట బస్తాలు తూచెడి పెద్ద కాటా గాదు, అరచేతిలో ఇముడునంతటిది. ఒక వంక పట్టుకొనుటకు పిడి, మఱియొక వంక తగిలించుటకు కొక్కెము, నడుమ చిన్న గాజుకిటికీలో మినుకుమినుకుమను అంకెలు, ఇంతియే దాని స్వరూపము. కొక్కెమునకు పెట్టె తగిలించి పైకెత్తితిమేని, ఎత్తినవాని నడుము విఱుగుటకు ఒక్క క్షణము ముందుగా కీచుమని యొక కూత కూసి, పెట్టె బరువును దశాంశములతో సహా ప్రకటించును. ఎత్తెడివాడు సామాన్యముగా నేనే. మా అబ్బాయి దీనిని కొని తెచ్చిన నాటినుండి మా గృహమునందలి వస్తువులకు రంగు, రుచి, వాసన, వెల, అవసరము అను గుణములన్నియు నశించి బరువొక్కటే మిగిలినది. నిన్న ఉదయమున నేను కాఫీ అడుగగా మా యావిడ తల యెత్తకయే, “ఎన్ని గ్రాములు?” అన్నది.

అబ్బాయి, కోడలు, ఆరేండ్ల మనవరాలు, రెండేండ్ల మనవడు, ఈ నలుగురును వచ్చు గురువారమునాడు డల్లాసునకు పోవుచున్నారు. ఎందుకు పోవుచున్నారని కృష్ణాజిల్లాలో ఎవ్వరును అడుగరు. పోనివారినే ఎందుకు పోలేదని అడుగుదురు. కావున ఆ విషయము విడిచిపెట్టి లెక్కకు వచ్చెదను. మనిషికి రెండు పెట్టెలు. పెట్టెకు 23 కిలోలు. నలుగురికి ఎనిమిది పెట్టెలు. వెరసి 184 కిలోలు. ముప్పది యేండ్లు తెలుగు పండితుడనై ఎక్కములకు దూరముగా బ్రదికిన నాకు ఈ లెక్క ఇప్పుడు నిదురలో అడిగినను తప్పదు.

ఈ లెక్కలో మా మనవని పాత్ర ప్రత్యేకముగా పేర్కొనదగినది. రెండేండ్లు నిండని శిశువునకు విమానములో ఆసనము లేదు. తల్లి యొడియే ఆసనము. టిక్కెట్టు పెద్దవారి వెలలో ఇంచుమించు పదవ వంతు. సామాను హక్కు నామమాత్రము. వీసాలు సకాలమున వచ్చియుండినచో వీడు ఒడిలోనే పోయెడివాడు. వీసాలు ఆలస్యమైనవి, వీనికి రెండేండ్లు నిండినవి, నిండిన పదునొకండవ దినమునకు ప్రయాణము కుదిరినది. టిక్కెట్టు వెల చూచి అబ్బాయి ముఖము వాడినది గాని మా యావిడ ముఖము వికసించినది. “పోనీలేరా, వాడి పేరిట ఇంకో రెండు పెట్టెలొస్తాయి గదా!” అన్నది. ఆ విధముగా, 11 కిలోల 400 గ్రాముల బరువు తూగెడి యీ పౌరునికి 46 కిలోలు మోయించుకొను అధికారము జన్మదిన కానుకగా సంక్రమించినది. వీని వస్తువులేవియు ఆ రెండు పెట్టెలలో లేవు. వీనికి కావలసినది ఒక్కటే, చక్రము విఱిగిన యొక ఆటోబొమ్మ. అది బరువని తీసివేసిరి.

వీసా మాట వచ్చినది గనుక వీని ఛాయాచిత్రపు ఉదంతమును గూడ క్లుప్తముగా విన్నవించెదను. అమెరికా వారికి రెండంగుళముల పొడవు, రెండంగుళముల వెడల్పు గల బొమ్మ కావలెను. వెనుక తెల్లని తెర యుండవలెను. రెండు కన్నులును తెరచి యుండవలెను. ఇతరుల వ్రేలు గూడ అందు కానరాదు. వీడా, ఒంటరిగా కూర్చొనడు. కూర్చున్నచో కన్నులు మూయును. చివరకు కోనేరు సెంటరు సమీపమున ఒక స్టూడియోలో మా కోడలు నఖశిఖపర్యంతము తెల్లదుప్పటి కప్పుకొని కుర్చీపై కూర్చొని, తానే వెనుకతెరయై, దుప్పటి లోపలినుండి బిడ్డను పట్టుకొనగా, ఎదుట నేను కోతివలె గంతులిడగా, పదునేడవమారు బొమ్మ కుదిరినది. ఆ బొమ్మను చూచినవారికి శూన్యమునందు నిరాధారముగా కూర్చున్న యొక పసివాడు ఆశ్చర్యముతో మనుష్యలోకమును చూచుచున్నట్లు తోచును. వాడు చూచుచున్నది నన్ను.

సూదిమందుల గొడవ వేరు. మనవరాలు టెక్సాసు బడిలో చేరవలెనన్నచో ఆటలమ్మ రాకుండ రెండు సూదులు వేయించినట్లు కాగితము చూపవలెను. మా చిన్ననాట ఆటలమ్మ వచ్చినచో గుమ్మమునకు వేపమండలు కట్టి, తల్లి తనంతట శాంతించి వెడలిపోవు వరకు ఎదురుచూచెడివారము. ఇప్పుడు తల్లి రాలేదనియు, ఇకమీదట రాజాలదనియు వైద్యుని సంతకముతో నిరూపింపవలెను. అమ్మవారి రాకపోకలకు గూడ వీసా ఏర్పడినదన్నమాట.

ఇక అసలు రణరంగము మా వసారా. ఈ బందరు పట్టణమునకు సామాను కట్టుట, ఓడలకెక్కించుట క్రొత్త గాదు. వలందులు వచ్చిరి, 1611లో ఆంగ్లేయుల ఓడ వచ్చి వారును కోఠీ పెట్టిరి, పరాసులు వచ్చిరి. మన కలంకారీ అద్దకపు బట్టలు ఈ రేవున ఓడలెక్కి పారసీకమునకును, ఐరోపాకును పోయినవి. వచ్చినవారు పోయినను వలందపాలెము, ఇంగ్లీషుపాలెము, పరాసుపేట అను పేరులు మాత్రము పోలేదు. ఆ మూడు జాతులును ఒకే యూరిలో వేర్వేరు పేటలు కట్టుకొని యొకరి మూటల నొకరు అసూయతో లెక్కించుకొనుచు ఎట్లు కాలక్షేపము చేసియుందురో నాకు చరిత్ర గ్రంథములలో బోధపడలేదు. ఈ పండ్రెండు దినములలో బోధపడినది. మా వసారాలో తూర్పు గోడవెంబడి బందరు పేట. అందు మా యావిడ అధికారిణి. పడమటి మూల గుడివాడ పేట. మా వియ్యపురాలు దినము విడిచి దినము పాసెంజరు బండిలో వచ్చి అందలి మంచిచెడ్డలు విచారించి పోవును. అరుగుమీద, అనగా గుమ్మమునకు వెలుపల, దివిసీమ పేట. అది నాగాయలంకలోని మా అక్కయ్యది. అది వెలుపల ఎందుకున్నదో వాసనను బట్టి బాటసారులకు సహితము తెలియును, అందున్నవి ఎండురొయ్యలు.

ఎనిమిది పెట్టెలను మూడు రాజ్యములకు పంచుట ఎట్లు? బందరు మగపిల్లవాని పక్షము గనుక తనకు అయిదు రావలెనని మా యావిడ. పిల్లలు అమ్మమ్మ చేతి సున్నుండలు దప్ప తినరు గనుక తనకు నాలుగు రావలెనని వియ్యపురాలు. “నేను పెద్దదాన్ని, నాకొక్కటి చాలు, కాని అది నిండా నాదే కావాలి,” అని అక్కయ్య. అయిదును నాలుగును ఒకటియు కలసి పది. కోడలు తమ బట్టలెచ్చట పెట్టుకొనవలెనని యొకసారి మెల్లగా అడిగినది. ముగ్గురును ఆమెను చూచిన చూపులో, ఈ అమ్మాయి ఇంత స్వార్థపరురాలని తలంపలేదే యను విస్మయము స్పష్టముగా కానవచ్చినది.

అందులో బందరు పేట ప్రధాన పణ్యము తొక్కుడు లడ్డు. ఈ ప్రసంగమునకు లడ్డుతో నంతగా సంబంధము లేదు. అయినను బందరువాడు లడ్డు పేరెత్తి ఊరకుండజాలడు. పాఠకులు ఓర్పు వహింతురు గాక. వహింపనివారికి బందరు లడ్డు లభింపకుండు గాక! ఇతర గ్రామముల లడ్డులు బూందీ దూసి, పాకములో వేసి, ఉండ కట్టినచో ముగియును. ఇది అట్టిది గాదు. సెనగపిండి కలిపి, గిద్దెలలో పెట్టి, కారములేని కారప్పూస వలె నేతిలో వండవలెను. ఇంత కష్టపడి వండినదానిని, ఎవరికిని పెట్టకుండ, రోటిలో వేసి పొడిపొడిగా దంచవలెను. జల్లించవలెను. బెల్లపు పాకములో కలుపవలెను. కలిపినదానిని మరల రోటిలో వేసి, నేయి పోయుచు, రోకలితో తొక్కవలెను, అందుచేతనే తొక్కుడు. ఏలకులు, జీడిపప్పు, పటికబెల్లపు పలుకులు పిమ్మటి మాట. ఒక పదార్థమును చేసి, పాడుచేసి, మరల చేసి, మరల పాడుచేసి, చివరకు ఉండ కట్టుట యను నీ విధానమునందు జీవితమును గూర్చిన యేదో రహస్యము ఇమిడి యున్నదని నాకు యౌవనమునుండియు ననుమానము. కాని ఆలోచించుటకు కూర్చున్నప్పుడెల్ల లడ్డు చేతికి వచ్చుటచే ఆలోచన సాగలేదు.

మా యావిడ కట్టు ఉండ 50 గ్రాములు, కిలోకు ఇరువది. కాటా రాకముందు ఉండలు చేతి కుదురును బట్టి యుండెడివి. మనసు బాగున్ననాడు పెద్దవి, నాపై కోపము వచ్చిననాడు చిన్నవి. ఇప్పుడు ఒక్కొక్కటియు తూనికకు నిలిచి కట్టబడినది. మూడు కిలోలు చేసినది. డబ్బాలో పేర్చినచో డబ్బా బరువు 350 గ్రాములు, అనగా ఏడు లడ్డులు ఆ రేకునకే బలి. సంచిలో వేసినచో నలుగును. “నలిగితే నష్టమేముందమ్మా? పొడి అక్కడికి తీసుకెళ్ళి మేమే ఉండ కట్టుకుంటాం,” అన్నాడు అబ్బాయి. రెండుమార్లు తొక్కినదానిని విమానమువారు మూడవమారు తొక్కిన నేమియని నేనును వానిని సమర్థించితిని. మా యావిడ ఆ పూట మాటాడలేదు. పొడి ఇచ్చి పంపుటకు ఆమె ఏమి, పిండిమర నడుపుచున్నదా?

అంతట డబ్బాయే నిశ్చయమైనది. నిశ్చయమైన వెనుక అబ్బాయికి క్రొత్త భయము పుట్టినది. గుండ్రనివి, బరువైనవి, ఒకే పరిమాణము గలవి అరువది ఘనపదార్థములు రేకుడబ్బాలో వరుసలు తీరియుండుట తనిఖీ యంత్రపు కంటికి ఎట్లు కానవచ్చును? బందరుకోటలోని పాత ఫిరంగిగుండ్ల నెవరో డల్లాసు మీదికి తరలించుచున్నారని భ్రమింపరా? నేనొక యుపాయము చెప్పితిని. విమానమువారు పెట్టెలను తూతురు గాని మనుష్యులను తూచరు. పెట్టెలో పోవు లడ్డునకు బరువు కలదు. పొట్టలో పోవు లడ్డునకు లేదు. కావున బయలుదేరు లోపల తలకు పదునైదు చొప్పున తినివేసినచో మూడు కిలోలును సుంకము లేక సముద్రము దాటును. ఈ సూచనకు శాస్త్రీయమైన ఆక్షేపణ నెవ్వరును చెప్పలేకపోయిరి. ఆ రాత్రి అబ్బాయి నాలుగు తినెను. మనవరాలు ఒకటి కొఱికి, “ఇసకలా ఉంది తాతయ్యా,” అని నా చేతిలో పెట్టినది. నేను, ఇల్లు కదలనివాడనయ్యును, మూడు తింటిని. డబ్బాలో 400 గ్రాములు తగ్గినవి. మఱునాటి ఉదయమునకు మా యావిడ మరల నాలుగువందల గ్రాములు చేసి ఖాళీ పూరించినది.

ఇంతకును ఈ లడ్డు బందరుది గాదట. ఎన్నడో బుందేలుఖండము నుండి తరలివచ్చి యిచ్చట స్థిరపడిన బొందిలీలు దీనిని మా యూరికి తెచ్చిరని పెద్దలు చెప్పుదురు. ఆ కుటుంబములును పసిపిల్లల నెత్తుకొని, సామాను కట్టుకొని వచ్చినవే గదా. అత్తగారి ఆజ్ఞపై ఏ కోడలో ఆ లడ్డుల మూటను నెత్తిన పెట్టుకొని ఇంత దూరము మోసియుండును. “రెండేండ్లే, తరువాత తిరిగి పోదము,” అని భర్త ఆమెకు చెప్పియుండునా?

లడ్డునకు అనుమతి కలదు. కాని ఎండుకొబ్బరికి లేదు. మా వియ్యపురాలు రెండు కిలోల కొబ్బరికురిడీలు తెచ్చిన దినమున అబ్బాయి ఫోనులో చదివి వినిపించెను: ఎండుకొబ్బరి తనంతట తాను రగులుకొను స్వభావము గల ప్రమాదకర పదార్థమట, దానికి ఐక్యరాజ్యసమితి వారి పట్టికలో 1363 అను అంకె కూడ కలదట. దేవునికి కొట్టి, పచ్చడి నూరి, పెండ్లిలో పంచి, ఇన్ని తరములుగా మన వంటింటి అటకలపై ఈ విస్ఫోటక సామగ్రిని పోగుచేసికొని నిర్భయముగా నిద్రించిన మన పూర్వుల ధైర్యమును తలచి నేను నివ్వెఱపోయితిని. వియ్యపురాలు మాత్రము నమ్మలేదు. “మా వస్తువు కాబట్టి అంటుకుంటుంది. అదే బందరు వస్తువైతే చల్లగా ఉండేది,” అన్నది.

దానికి ప్రతీకారము మఱునాడే లభించినది. మా యావిడ మసాలాపొడిలో గసగసాలున్నవి. విమానము దుబాయి మీదుగా పోవును. అచ్చట గసగసాలు మాదకద్రవ్యములతో సమానమట; దగ్గఱ నుండుటయే నేరము. నలుబదియేండ్లుగా కూరలో గసగసాలు నూరి నాకు పెట్టుచున్న ఆ యిల్లాలు అరబ్బు దేశపు చట్టము దృష్టిలో ఎట్టి స్త్రీయో తెలిసికొని వియ్యపురాలు కొంగు నోటికడ్డము పెట్టుకొని నవ్వినది. అప్పటినుండి ప్రతి పొడియును భూతద్దముతో పరీక్షింపబడుచున్నది. ఎండురొయ్యలపై మాత్రము ఏ దేశపు నిషేధమును ఇంతవఱకు కానరాలేదు. బరువు తూచుటకు యంత్రము కనిపెట్టినవారు వాసన తూచుటకు కనిపెట్టకపోవుట మా అక్కయ్య అదృష్టము.

ఇంతటి సంరంభములో నేను పంపదలచిన వస్తువు ఒకటే, పెద్ద బాలశిక్ష. దాని బరువు 740 గ్రాములు. ఈ యంకె నాకు జ్ఞాపకముండుటకు కారణము, ఈ పండ్రెండు దినములలో అది తొమ్మిదిమారులు పెట్టెలోనికి పోయి తొమ్మిదిమారులు వెలుపలికి వచ్చియుండుట. పెట్టె ఎత్తుదుము, కాటా కూయును, 23 కిలోల 600. అందఱి కన్నులును ఒక్కసారిగా ఆ పుస్తకముపై వ్రాలును. ఎవ్వరును ఏమియు ననరు. కోడలు మర్యాదస్తురాలు గనుక, “మామయ్యగారూ, ఇది నా చేతిసంచిలో పెట్టుకుంటానండీ,” అనును. చేతిసంచికిని ఏడు కిలోల పరిమితి కలదు. సాయంకాలమునకు పుస్తకము మరల నా బల్లపై ప్రత్యక్షమగును. నిన్నటి తీసివేతలో దానికి బదులుగా లోనికి పోయినది అప్పడములకట్ట. ముప్పది యేండ్లు అక్షరమును నమ్ముకొని బ్రదికినవానికి అప్పడము చేతిలో పరాజయము కొంచెము కష్టముగనే యుండును.

మనవరాలికి ఈ కాటా గొప్ప వినోదము. చెప్పులు, దువ్వెన, మంగినపూడి ఇసుకలో ఏరిన గవ్వలు, పక్కింటి పిల్లిపిల్ల, అన్నిటిని తూచినది. మొన్న నేను గుణింతము దిద్దించుచుండగా, “తాతయ్యా, అ బరువెక్కువా, ఆ బరువెక్కువా?” అని యడిగినది. నాకు పరమానందమైనది. చూచితివా, పండితుని రక్తము! ఛందస్సునందు అక్షరములకును తూనిక కలదనియు, ‘అ’ లఘువు గనుక తేలికయనియు, ‘ఆ’ గురువు గనుక దానికి రెండు మాత్రల బరువనియు, చిటికె వేసి చూపి ఉత్సాహముగా బోధించితిని. అది శ్రద్ధగా విన్నది. విని, తలయూచి, “అయితే ‘ఆ’ని ఇక్కడే వదిలేద్దాం తాతయ్యా. ‘అ’ ఒకటి తీసుకెళ్తా,” అన్నది.

అచ్చట తెలుగు నేర్పుటకు ఏర్పాటులు లేకపోలేదు. 2007 నుండి మనబడి యను పేర ఆ దేశమున వారాంతములందు మన పిల్లలకు తెలుగు నేర్పుచున్నారు. నేర్పువారు ఉద్యోగములు చేసికొనుచు, సెలవునాటి నిద్ర మానుకొని నేర్పుచున్నారు. నేను జీతము తీసికొని నేర్పితిని. కావున వారిని విమర్శించు అర్హత నాకు లేదు. అయినను, వారమునకొక పూట నేర్చిన గుణింతములో గురువులు మిగులునో, లఘువులే మిగులునో యని రాత్రివేళ నాకు దిగులు కలుగును. మనవడి సంగతి చెప్పనే అక్కరలేదు. వానికి వచ్చినవే ఇరువది ముప్పది మాటలు. అందు తాతయ్య యనునది ఇంకను ‘తాయ్య’యే.

డల్లాసులో అన్నియు దొరకునని మాకు తెలియనిది గాదు. ఇర్వింగులో, ఫ్రిస్కోలో తెలుగువారు పేటలకు పేటలే యున్నారు. గోంగూర, దోసకాయ, మాగాయ, సున్నుండలు అన్నియు దుకాణములలో దొరకును. ఫ్రిస్కోలో ఆంజనేయస్వామి గుడి కూడ కలదు. ఎవరో దూరపు బంధువు ఫోనులో, బందరు లడ్డు సహితము దొరకునని చెప్పెను. నేను విజయగర్వముతో ఈ వార్త వసారాలో ప్రకటించి, కాటాను సెలవుపై పంపవచ్చునంటిని. మూడు రాజ్యములును ఏకమై నాపై బడినవి. “దొరికేది వేరు, పెట్టేది వేరు,” అన్నది మా యావిడ. గుడివాడ తల యూచినది. దివిసీమ అరుగు మీదినుండియే బలపఱచినది. పండ్రెండు దినములలో ఆ ముగ్గురును ఏకాభిప్రాయమునకు వచ్చిన విషయము ఇది యొక్కటియే.

అబ్బాయి “రెండేళ్ళే నాన్నా,” అనుచున్నాడు. వాడు అబద్ధమాడుట లేదు, వానికట్లే తోచుచున్నది. ఈ వీథిలో ఏడిండ్లనుండి ఇట్లు రెండేండ్లకని పోయినవారు కలరు. వారి రెండేండ్లలో పిల్లలు కాలేజీలు ముగించిరి. పూనాలో బయలుదేరిన 65వ నంబరు జాతీయ రహదారి మా బందరులో అంతమగునని పటములు చెప్పును. మా వీథివారి అనుభవములో అది బందరులో మొదలగును, అంతమగు చోటు తెలియదు. మేము పోయి చూచి రావచ్చును, నిజమే. ఆరుమాసములు పోవుదుము, మా పెట్టెలకును ఇదే కాటా.

రాత్రి నిదుర పట్టక, వసారాలో పెట్టెల నడుమ కూర్చుంటిని. సెనగపప్పు కొలిచిన సోల అచ్చటనే యుండినది. ఇత్తడి సోల, అంచు ఒకవైపు నొక్కుకొనిపోయినది. అది మా అమ్మది. 1977 నవంబరు 19, శనివారము. కోడూరు దిక్కున మా ఊరు. నాకు 14 ఏండ్లు, మా చెల్లెలికి నాలుగు. నాన్న పనిమీద అవనిగడ్డ పోయియుండెను. పగలెల్ల గాలి, సాయంకాలము నీళ్ళు వచ్చినవి. అమ్మ చెల్లెలిని చంకనెత్తుకొని, నా రెక్క పట్టుకొని, మోతుబరి రైతుగారి డాబా మీదికి చేర్చినది. తెల్లవారి చూచినచో ఊరున్నచోట ఊరు లేదు. కొన్నాళ్ళకు మేనమామ వచ్చి పులిగడ్డ అక్విడెక్టు దాటించి మమ్ము బందరు తీసికొనివచ్చెను. మేము ఇల్లు మారినప్పుడు మా సామాను ఇద్దరు పిల్లలు, ఒక సోల. ఇంటిలో ఇన్ని వస్తువులుండగా సోల ఏల తెచ్చితివని అడిగినవారికి అమ్మ, “బియ్యం కొలుస్తున్నా గదా, చేతిలో ఉంది,” అనెడిది. బ్రదికినన్నాళ్ళును అంతకుమించి చెప్పలేదు.

సోలను సంచిలో వేసి కాటా కొక్కెమునకు తగిలించితిని. 380 గ్రాములు. మనవని పేరిటి పెట్టెలో మిగిలిన చోటు రెండువందలు. మరల అరలో పెట్టి పండుకొంటిని.

ఈ ఉదయము కాటా చచ్చినది. పెట్టె యెత్తితిమి, కూత లేదు, అంకె లేదు. గాజుకిటికీ గ్రుడ్డికన్నువలె తెల్లగా నన్ను చూచినది. నాకు కలిగిన సంతోషమును పైకి కనఁబడనీయకుండుటకు చాల శ్రమపడితిని. అబ్బాయి ఆదుర్దాగా బ్యాటరీ కొఱకు కోనేరు సెంటరునకు పరుగెత్తెను. మా యావిడ మాత్రము తొణకలేదు. మనవని ఎడమచంకకెత్తుకొన్నది, ఒకసారి పైకి కిందికి ఊపి చూచినది, దింపి, పెట్టె పిడి పట్టి లేపినది. “వీడు పదకొండూ నాలుగొందలు. ఇద్దరు వీళ్ళయితే పెట్టె సరి. పైన రెండొందలు మిగులు కూడానూ. ఇది సరిపోయింది. రెండోది ఇటు జరపండి,” అన్నది. ప్రతి పెట్టెకును ముందు పిల్లవానిని ఎత్తి చూడవలెను. లేనిచో అంచనా చేతికి అందదట. వాడు ఇది క్రొత్త ఆటయనుకొని, దింపినప్పుడెల్ల చేతులు పైకి చాచి “మల్లీ!” యనుచుండెను.

అరగంటలో బ్యాటరీ వచ్చినది. కాటాకు ప్రాణము వచ్చినది. మొదటి పెట్టె తూచితిమి. 22 కిలోల 900. మా యావిడ అంచనా తప్పలేదు. అబ్బాయి రెండవ పెట్టె కొక్కెమునకు తగిలించుచుండగా ఆమె, “అది చెప్పేది అది చెబుతుందిలే. ఉండు, నన్నింకొక్కసారి చూడనీ,” అని మనవని మరల ఎత్తుకొన్నది.

అంతలో పాసెంజరు బండి దిగి గుడివాడ వియ్యపురాలు వచ్చి గుమ్మములో చెప్పులు విడిచినది. సంగతి విన్నది. సంచి క్రింద పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకొని, “ఒకసారి నన్ను చూడనివ్వండి వదినగారూ,” అన్నది. ఆమె చేతికి వాడు పండ్రెండు కిలోలు తూగెనట. ఆమె వెనుక వంతులో నేను నిలుచుంటిని.